బెజవాడ వన్‌టౌన్‌లో రాత్రి నడక: దెయ్యం కథలూ చరిత్రా కలిపి జనాన్ని ఎలా తిప్పాలి

విజయవాడలో పాత ఊరంటే వన్‌టౌనే. ఇంద్రకీలాద్రి పాదం దగ్గర మొదలై కాళేశ్వరరావు మార్కెట్ మీదుగా వించిపేట, చిట్టినగర్ దాకా పాకిన ఇరుకు వీధులు. పగలు అక్కడ హోల్‌సేల్ బేరాలు, తోపుడు బళ్లు, హారన్లు తప్ప ఇంకేమీ కనపడవు, వినపడవు. రాత్రి షట్టర్లు దించాకే పాత అరుగులు, చెక్క స్తంభాలు, మేడ మీద పిట్టగోడల నగిషీలు కంటికి ఆనతాయి. ఆ వేళ ఓ పదిహేను మందిని వెంటబెట్టుకుని, దెయ్యం కథలతో పాటు ఊరి చరిత్ర చెబుతూ నడిపించాలని అనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు వన్‌టౌన్‌లో పుట్టినవాళ్లయితే మంచిది. కాకపోయినా పరవాలేదు, ఓపిక ఉంటే చాలు.

ఇలాంటి నడకలు బయట దేశాల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో 1970ల నుంచీ నడుస్తున్నాయి. ఎడింబరోలో 1788లో తెరిచిన సౌత్ బ్రిడ్జి కింద ఉన్న చీకటి గదుల్లోకి రోజూ జనాన్ని తీసుకెళ్తారు. అవి చూసి వచ్చిన ఉత్సాహంలో మనవాళ్లు మొట్టమొదట చేసేది ఏమిటంటే, ఒక పాడుబడ్డ మేడ వెతికి, అందులోకి ఒక తెల్లచీర ఆడమనిషిని ఎక్కించడం. దయచేసి ఆ పని చేయకండి. ఆ మేడకు వారసులుంటారు, పక్కింట్లో పిల్లలుంటారు. పైగా మనకు ఆ అవసరమే లేదు. ఈ చుట్టుపక్కల కొండల్లో ఏదో తిరుగుతోందని పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఒకాయన రాసిపెట్టి వెళ్లాడు.

ముందు కథలు పోగు చేయండి

ఆయన హ్యూయెన్‌త్సాంగ్. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువు. ధాన్యకటక దేశం గురించి రాస్తూ, రాజధానికి తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అవరశైల అని రెండు విహారాలున్నాయనీ, ఒకప్పుడు భిక్షువులతో కళకళలాడేవనీ చెప్పాడు. ఆయన వచ్చేసరికి అవి ఖాళీ. ఎందుకు ఖాళీ అయ్యాయో కూడా రాశాడు: కొండను కాచే ఆత్మ బుద్ధి మారి, ఒకసారి తోడేలు రూపంలో, ఒకసారి కోతి రూపంలో కనబడి అక్కడివాళ్లను హడలగొడుతోందట. అందుకని వందేళ్లుగా అక్కడ భిక్షువులెవరూ ఉండటం లేదట.

అదే అధ్యాయంలో ఇంకో కథ ఉంది. భావవివేకుడనే పండితుడికి మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికి ఉండాలని కోరిక. నగరానికి దక్షిణాన ఉన్న కొండ దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి మంత్రం జపించాడు. ఈ రాతిలోపల అసురుల కోట ఉంది, అందులో ఉండి ఎదురుచూడవచ్చని వజ్రపాణి అనే బౌద్ధ దేవత చెప్పాడు. చివరికి భావవివేకుడు ఆవాలు మంత్రించి రాతి మీద విసిరాడు. కొండ విచ్చుకుంది. చుట్టూ వేలమంది జనం. లోపలికి రండని పిలిస్తే, అది విషసర్పాల పుట్ట అని భయపడి ఎవరూ కదలలేదు. ఆరుగురు మాత్రం ఆయన వెంట నడిచారు. వాళ్లు లోపలికి వెళ్లగానే కొండ మూసుకుపోయింది. బయట ఉండిపోయినవాళ్లు వెళ్లలేకపోయామే అని ఏడ్చారు.

ఆ నగరం బెజవాడే అని ఫెర్గూసన్ లాంటి పండితులు వాదించారు. కాదు, అమరావతి పక్కన ధరణికోట అని ఇంకొందరు అన్నారు. మీరు ఈ రెండు మాటలూ చెప్పాలి. దాచిపెడితే గుంపులో చరిత్ర చదువుకున్న మనిషి ఒక్కరు ఉన్నా మీ మీద నమ్మకం పోతుంది. చెబితే కథకు వచ్చే నష్టం ఏమీ లేదు.

రాతలో దొరికే సరుకు ఇంకా చాలా ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కావలి సోదరుల సాయంతో పల్లెపల్లెకూ మనుషుల్ని పంపి సేకరించిన కైఫియత్తులు చూడండి. ఊరు ఎలా పుట్టింది, ఏ అమ్మవారు ఎవరికి కలలో కనిపించింది, ఏ చెరువుకు ఎవరు బలయ్యారు లాంటివన్నీ వాటిలో ఉంటాయి. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ వేరే పుస్తకం, ఆ మెకంజీ వేరే మనిషి. ఇద్దర్నీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు మాత్రం కలపకండి. కరువులు, వరదలు, ఆనకట్ట సంగతులకు ఆ మాన్యువల్ బాగా పనికొస్తుంది. ఇంద్రకీలాద్రి మీద దొరికిన యుద్ధమల్లుని శాసనం పదో శతాబ్దం నాటిది, మధ్యాక్కర పద్యాల్లో ఉంది. చేబ్రోలు నుంచి జాతరకు వచ్చిన కుమారస్వామికి బెజవాడ నచ్చి ఇక్కడే ఉండిపోతే, ఆయనకు గుడీ మఠమూ కట్టించారని అందులో ఉంది. గొరగలనే శైవులు తప్ప వేరేవాళ్లు అక్కడ మకాం పెడితే మహాపాపం చుట్టుకుంటుందన్న హెచ్చరిక కూడా ఉంది. కొండ కింద చీకట్లో నిలబడి పదో శతాబ్దపు తెలుగులో ఆ శాపపు పద్యం పైకి చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చదివే ముందు ఒకటికి నాలుగుసార్లు సాధన చేయండి, తడబడితే పద్యం చచ్చిపోతుంది.

తర్వాత జనం నోట్లో ఉన్నవి. ఇవి సేకరించడానికి సాయంత్రం పూట వెళ్లండి. మార్కెట్ దగ్గర ముఠా కూలీలు, రాత్రి కాపలా వాళ్లు, ఘాట్లలో గజ ఈతగాళ్లు, పడవ నడిపేవాళ్లు, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు. నేరుగా “ఇక్కడ దెయ్యాలున్నాయా?” అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. “మామ్మగారూ, మీ చిన్నప్పుడు చీకటి పడ్డాక ఏ సందులోకి వెళ్లనిచ్చేవారు కాదు?” అని అడగండి. పక్కన చోటు చూపించి కూర్చోమంటారు. ఆ తర్వాత వాళ్లే చెబుతారు: కొరివి దెయ్యం ఎక్కడ కనబడేదో, చింతచెట్టు ఎక్కడుండేదో, బాలింతగా పోయినావిడ పేరు చెప్పి పిల్లల్ని ఎలా పడుకోబెట్టేవారో. ఎవరు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు, ఏ చోటు గురించి అన్నది ఆ రాత్రే రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసేముందు తప్పకుండా అడగండి.

ఇక్కడే ఒక కట్టుబాటు పెట్టుకోండి, మిగతా అన్నీ దీని మీదే ఆధారపడతాయి. మీ నోటుబుక్కులో ప్రతి కథ పక్కనా “రాతలో ఉంది” అనో “జనం చెబుతారు” అనో రాయండి. ఈ రెండింటిలో దేనికీ చెందకపోతే అది మీ కల్పన, కొట్టేయండి. నడకలో ఆగిన ప్రతిచోటా ఆ సంగతి పైకి చెప్పండి. అలా చెబితే భయం పోతుందని చాలామంది గైడ్లు అనుకుంటారు. పోదు. “ఇది నేను చెబుతున్నది కాదండీ, ఏడో శతాబ్దంలో రాసిపెట్టింది” అన్నప్పుడు గుంపులో గుసగుసలు ఆగిపోతాయి.

దారి వేసుకోవడం

మొత్తం రెండున్నర కిలోమీటర్లు దాటకూడదు, రెండు గంటలు మించకూడదు. ఆగే చోట్లు ఆరు చాలు. పది పెడితే ఏదీ గుర్తుండదు.

దారిని ఒకసారి పగలు, ఒకసారి మీరు నడిపించబోయే వేళకే నడిచి చూడండి. మురుగుకాలవ మీద పలక ఎక్కడ విరిగింది, వీధి దీపం ఎక్కడ వెలగదు, కుక్కల గుంపు ఏ మలుపులో ఉంటుంది, మార్కెట్ దగ్గర సరుకు లారీలు ఎన్నింటికి వస్తాయి అన్నవి కాగితం మీద గీసుకోండి. ఇంకోటి, పదిహేను మంది నిలబడితే ఎవరి గుమ్మమూ మూసుకుపోని చోటే ఆగాలి. కథకు ఎంత అచ్చొచ్చిన చోటైనా సరే, ఇంటివాళ్లు స్కూటర్ బయటకు తీయలేకపోతే అది మీకు పనికిరాదు.

నేను చెప్పే వరుస ఇది. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర అందరూ కలవాలి. ఆటోవాళ్లకు తెలిసిన చోటు, వెలుతురు ఉంటుంది, ఆలస్యంగా వచ్చేవాళ్లకు దారి చెప్పడం తేలిక. అక్కడ నిబంధనలు చెప్పేసి రథం సెంటర్ మీదుగా కొండ కిందికి వెళ్లండి.

రెండోది అక్కన్న మాదన్న గుహలు. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, చీకటి పడ్డాక లోపలికి వెళ్లకూడదు. బయటే నిలబడి చెప్పండి. గుహలు ఆరు, ఏడు శతాబ్దాల నాటివని చరిత్రకారులు చెబుతారు. పేరు మాత్రం పదిహేడో శతాబ్దపు అన్నదమ్ములది. గోల్కొండ నవాబు తానీషా దగ్గర మంత్రులు, భక్త రామదాసుకు మేనమామలు. 1686లో గోల్కొండలో ఇద్దర్నీ దారుణంగా చంపేశారు. గుంపులో ఎవరో ఒకరు “వాళ్ల ఆత్మలు ఇక్కడ తిరుగుతాయా?” అని తప్పకుండా అడుగుతారు. వాళ్లు పోయింది గోల్కొండలో అని చెప్పి, అంత దూరాన చనిపోయినవాళ్ల పేరు వాళ్లకంటే వెయ్యేళ్లు పాతదైన గుహకు ఎందుకు నిలబడిపోయిందో ఆలోచించమనండి. ఈ కొండకు వాళ్లు భక్తులుగా వచ్చేవారని ఇక్కడ చెప్పుకుంటారు. అది “జనం చెబుతారు” కోవలోది. హ్యూయెన్‌త్సాంగ్ కథకూ ఇదే చోటు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

మూడోది బ్రాహ్మణ వీధి. మాధవవర్మ కథ ఇక్కడ చెప్పండి. రాజకుమారుడి రథం కింద పడి, చింతచిగురు అమ్ముకునే ఆవిడ కొడుకు చనిపోయాడు. తల్లి వచ్చి రాజు ముందు నిలబడింది. రాజు తన కొడుక్కి మరణశిక్ష వేసి అమలు చేయించాడు. ఆ ధర్మానికి మెచ్చి దైవం బెజవాడ మీద బంగారు వాన కురిపించి బిడ్డలిద్దర్నీ బతికించిందంటారు. కనకదుర్గ అనే పేరును ఆ వానతో ముడిపెట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇందులో దెయ్యం లేదు. అయినా రాత్రి వీధిలో చెబితే బాగా తగులుతుంది, ఎందుకంటే రథం బదులు మోటార్ సైకిళ్లు అదే దారిలో దూసుకుపోతూ ఉంటాయి.

నాలుగోది శివాలయం వీధి, సామరంగం చౌక్ వైపు పాత ఇళ్లు. ఇక్కడ గుమ్మాల గురించి మాట్లాడండి. మామిడాకుల తోరణం, గడపకు పసుపు, వేలాడదీసిన బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయా మిరపకాయలూ. ఒకప్పుడు తెలుగునాట ఊళ్లకు ఊళ్లు తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్నాయి. నలభై దాటినవాళ్లు గుంపులో ఉంటే ఆ రోజులు గుర్తుంటాయి, వాళ్లనే చెప్పమనండి. మీరు మాట్లాడటం ఆపి వినే చోటు ఇదొక్కటి ఉండాలి.

ఐదోది కాళేశ్వరరావు మార్కెట్. ఇక్కడ టీ తాగి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. స్వాతంత్ర్య సమరయోధుడు, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకర్ అయిన అయ్యదేవర కాళేశ్వరరావు పేరు అది. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశాలప్పుడే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించారు, అది కూడా ఇక్కడే చెప్పేయవచ్చు. ఎక్కువసేపు వద్దు. ఈ సంగతులు బడిలో చదువుకున్నవే.

ఆరోది నది ఒడ్డు. అసలు నడక అంతా దీనికోసమే అని నా అభిప్రాయం.

నది దగ్గర ఏం చెప్పాలి

ప్రకాశం బ్యారేజీ దీపాలు కనబడే చోట, కాలవకీ రైలింగుకీ దూరంగా నిలబెట్టండి. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు గురించి చెప్పండి. గుంటూరు కరువని, డొక్కల కరువని కూడా అంటారు. గుంటూరు జిల్లా జనాభా అప్పుడు ఐదు లక్షల దాకా ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్కలు. తిండి వెతుక్కుంటూ బయలుదేరిన జనం మద్రాసు దారి పొడవునా రాలిపోయారు. వాళ్లను దహనం చేసినవాళ్లు లేరు, పిండం పెట్టినవాళ్లు లేరు. మన నమ్మకాల ప్రకారమే చూసినా, కర్మకాండ జరగని చావుకే కదా దెయ్యం అవుతారనేది. ఆ లెక్కన ఈ నేల మీద ఎవరి కథలు ఎక్కువ ఉండాలి? తెల్లచీర కథలు వందలున్నాయి, ఇంతమంది కథ ఒక్కటీ లేదు. ఈ మాట నెమ్మదిగా చెప్పి, కాసేపు ఆగండి.

ఆ కరువు తర్వాతే కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచనకు బలం వచ్చింది. కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. గాంధీ కొండను ఒకప్పుడు ఆర్ కొండ అన్నది ఆయన పేరు మీదే. అక్కడి 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. 1952 వరదకు పాత ఆనకట్ట తెగితే ఇప్పుడున్న బ్యారేజీని 1954లో మొదలుపెట్టి 1957లో తెరిచారు. 70 గేట్లు, 1223 మీటర్ల పొడవు. కరువు ముందు, ఈ అంకెలు తర్వాత చెప్పండి. వరుస తారుమారైతే ఇవి ఎవరికీ పట్టవు.

అనుమతులు, ఊరివాళ్లు

వన్‌టౌన్ పోలీసు స్టేషన్‌లో తేదీ, వేళ, దారి, ఎంతమంది అన్నది రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రాత్రి పూట గుంపుగా తిరుగుతుంటే ఆపి అడగడం వాళ్ల పని. చేతిలో ఆ కాగితం ఉంటే మాట అక్కడితో తేలిపోతుంది. గుడి ఆవరణలోకి వెళ్లే పని పెట్టుకోకండి. వెళ్లాల్సి వస్తే దేవస్థానం వాళ్ల మాటే మాట. దర్గాలు, మసీదుల దగ్గర కథలు చెప్పాలనుకుంటే అక్కడి పెద్దల్ని ముందు కలవండి. వాళ్లు వద్దంటే వదిలేయండి.

అందరికంటే ముఖ్యం ఆ వీధిలో కాపురం ఉంటున్నవాళ్లు. మొదటి నడకకు ముందు ఆగే ప్రతి చోటా చుట్టూ నాలుగిళ్లకు వెళ్లి, “అమ్మా, వారానికో రోజు పది నిమిషాలు ఇక్కడ నిలబడి ఊరి చరిత్ర చెబుతాం, ఇబ్బందైతే ఒక్క మాట చెప్పండి” అని అడగండి. లౌడ్‌స్పీకర్ వద్దు. నడుముకు కట్టుకునే చిన్న మైకు కూడా తక్కువ సౌండులో పెట్టండి. పదిహేను మందికి గొంతు చాలు.

చెప్పకూడని కథలు

ఇవి గట్టిగా పట్టించుకోండి. కాలవల్లో, రైలు పట్టాల మీద ఈమధ్య పోయినవాళ్ల గురించి చెప్పకండి. వాళ్ల అమ్మానాన్నలు ఈ ఊళ్లోనే ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన ఇళ్లను చూపించి కథలు కట్టకండి. ఫలానా ఇంట్లో చేతబడి జరిగింది, ఫలానా ఆవిడ మంత్రగత్తె అన్న మాటలు ఎవరు చెప్పినా నోటుబుక్కులోకి రానివ్వకండి. అలాంటి పుకార్ల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు తెలుగునాట జరిగాయి. కులం పేరుతో చెప్పే దెయ్యం కథలు చాలా ఉన్నాయి, అవీ వద్దు. వాటిని పట్టుకుని ఇప్పటికీ మనుషుల్ని వెలివేసేవాళ్లున్నారు.

పుట్టింటికో అత్తింటికో భారమై చచ్చిపోయిన ఆడపిల్ల దెయ్యమైందన్న కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. చెబితే ఆమెను చంపింది ఎవరో కూడా చెప్పండి. ఆమెను భయపెట్టే బొమ్మగా నిలబెట్టి వదిలేయడం నాకు నచ్చదు.

ఒక కథ ఎలా చెప్పాలి: ఆవాల సంగతి

గుహల దగ్గర భావవివేకుడి కథకు ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. గుప్పెడు ఆవాలు పొట్లం కట్టి జేబులో పెట్టుకోండి. నడక మొదట్లోనే తలా ఒక చిటికెడు ఎడమ అరచేతిలో పోసి, “ఇవి పడేయకండి, పనుంది” అని మాత్రం అనండి. ఎందుకో చెప్పొద్దు. కొండ కిందికి వచ్చేసరికి అరచెయ్యి చెమట పట్టి ఆ గింజలు చర్మానికి అంటుకుని ఉంటాయి. అప్పుడు టార్చి ఆర్పేసి మొదలుపెట్టండి.

“చైనా నుంచి వచ్చిన భిక్షువు రాసిందండీ ఇది. ఇలాంటి కొండ ముందే ఒకాయన ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఆయన చేతిలో ఉన్నవే ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నాయి.”

అందరూ ఒకసారి తమ అరచేతిని తడుముకుంటారు. మన ఇళ్లలో ఉప్పూ, మిరపకాయలూ, ఆవాలూ కలిపి దిష్టి తీయని వాళ్లు తక్కువ. ఆ చిటపటలు, ఆ ఘాటు అందరికీ తెలుసు. మీరు విప్పి చెప్పాల్సిన పని లేదు. కొండ తెరుచుకున్నదాకా చెప్పి, “వేలమందిలో ఆరుగురే వెళ్లారు. మీరైతే వెళ్తారా?” అని అడిగి, పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. ఎవరో ఒకరు వెళ్తానంటారు, పక్కన భార్య చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆ తర్వాతే కొండ మూసుకుపోయిందని చెప్పండి. చివర్లో ఫెర్గూసన్ వాదం, ధరణికోట వాదం రెండు వాక్యాల్లో. ఆవాలు మెట్ల మీద చల్లనివ్వకండి. కాళ్లకింద పడితే జారతాయి, చూసినవాళ్లు ఎవరో ఏదో చేశారని కంగారుపడతారు. పొట్లంలోకి వెనక్కి తీసుకోండి.

మిగతా కథలకు ఏ వస్తువూ అక్కర్లేదు. గొంతు తగ్గించండి, పెంచకండి. ఎవరినో సందులో దాచిపెట్టి ఒక్కసారిగా కేక పెట్టించడం లాంటివి వద్దే వద్దు. వన్‌టౌన్ వీధుల్లో వెనక్కి గెంతితే పడేది కాలవలోనో, బండి కిందో.

మనుషుల్ని చూసుకోవడం

మీరు ముందు, నమ్మకస్తుడైన మనిషి ఒకరు వెనక. ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే రోజు ఆ వెనక మనిషి కూడా ఆడవాళ్లయితే మంచిది. చెప్పులు కాదు, బూట్లు వేసుకురమ్మనండి. నీళ్లు, రెండు టార్చీలు, బ్యాండేజీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు మీ సంచిలో ఉండాలి. టాయిలెట్ ఎక్కడుందో మొదట్లోనే చెప్పండి, మధ్యలో దొరకదు. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేయడం మీ పనా, వెనక మనిషి పనా అన్నది ముందే తేల్చుకోండి.

పదేళ్లలోపు పిల్లల్ని తీసుకురావద్దని చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్లను రాత్రిపూట ఇలాంటి చోట్లకు మన ఇళ్లలో పంపరు. వాళ్లు వస్తామంటే పగటి నడక పెట్టి అదే చరిత్ర చెప్పండి, తక్కువేమీ కాదు.

ఎవరైనా బిగుసుకుపోయినా, ఊగిపోయినా, ఏడుపు మొదలైనా కథ అక్కడే ఆపేయండి. వెలుతురులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి నీళ్లివ్వండి. ఫోన్లు లోపల పెట్టమనండి. పూనకమా, నీరసమా, భయమా అని అక్కడ చర్చ పెట్టొద్దు. వాళ్లింటివాళ్లకు ఫోన్ చేసి, తోడిచ్చి పంపండి, అవసరమైతే ఆసుపత్రికి.

“నిజంగా దెయ్యాలున్నాయా అండీ?” అని ఎవరో ఒకరు అడుగుతారు. మీ నమ్మకం మీది. గుంపులో నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఇద్దరూ డబ్బు కట్టి వచ్చారు. “ఈ చోట మనుషులు దేనికి భయపడ్డారో అది మాత్రం నిజమండీ, అదే చెబుతున్నాను” అని నేనైతే అంటాను.

ఎప్పుడు పెట్టాలి, ఎంత తీసుకోవాలి

కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. సాయంత్రం ఆరున్నరకు కలిసి తొమ్మిదిలోపు ముగించండి. అర్ధరాత్రి నడకలు వినడానికే బాగుంటాయి, ఇంటికి చేరడానికి కాదు. దసరా నవరాత్రుల్లో, భవానీ దీక్షలు విరమించే రోజుల్లో కొండ చుట్టుపక్కల అడుగు పెట్టే చోటుండదు, ఆ రోజులు వదిలేయండి. ఎండాకాలంలో రాత్రి కూడా ఇంద్రకీలాద్రి రాయి సెగ కక్కుతుంది. వానాకాలంలో కృష్ణకు వరద హెచ్చరిక ఉంటే నది ఒడ్డు ఆగడం రద్దు చేసి, ఆ కథ మార్కెట్ దగ్గరే చెప్పండి. అమావాస్య నాడు పెడితే టికెట్లు త్వరగా అమ్ముడవుతాయి, కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోక చివరి నిమిషంలో మానేసేవాళ్లు కూడా ఆ రోజే ఎక్కువ. డబ్బు ముందే తీసుకోండి.

రేటు మీ ఇష్టం. కానీ అందులోంచి కథలు చెప్పినవాళ్లకు వాటా ఉండాలి. అరుగు మీద మామ్మగారు చెప్పిన కథ వారం వారం అమ్ముకుంటూ ఆవిడకు ఒక పండు కూడా ఇవ్వకపోవడం తప్పు. డబ్బు తీసుకోకపోతే పండగకు చీర పెట్టండి, ఆవిడ పేరు చెప్పవచ్చా అని అడిగి, ఒప్పుకుంటేనే చెప్పండి. వీధిలో టీ కొట్టు, ఇడ్లీ బండి వాళ్లకు ఎంతమంది వస్తారో ముందే చెబితే వాళ్లకూ వ్యాపారం, మీకూ తోడు. వెనక్కి వెళ్లడానికి రెండు ఆటోలను మాట్లాడి ఉంచండి.

నడక అయ్యాక ఎవరో ఒకరు మీ దగ్గరకు వచ్చి, “మా తాతగారు ఇది వేరేలా చెప్పేవారండీ” అంటారు. అలసిపోయినా సరే ఆ మనిషిని వదలకండి. ఆయన చెప్పింది తేదీ వేసి రాసుకుని, వచ్చే వారం అదే చోట రెండు రకాలుగానూ చెప్పండి. మీరు చెప్పినదాంట్లో సంవత్సరమో పేరో తప్పని తేలితే, తర్వాతి నడక మొదట్లోనే సరిదిద్దుకుని, పాత గుంపుకు వాట్సాప్‌లో కూడా పంపండి.